చలికి మాడిపోయిన బాటిల్ బ్రష్: ఇంగ్లండ్‌లో దీన్ని బతికించుకోవడం ఎలా?

మంజీర_తీరం (రెడింగ్, ఇంగ్లండ్), 5 మార్చి 2023

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ అందరి పోస్టులూ చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి. మా పెరట్లో కుండీలో ఉన్న బాటిల్ బ్రష్ మొక్క గురించి అడగాలి.

మా నాన్న బడిపంతులు. సిద్దిపేట దగ్గర ఆయన పనిచేసిన బడిలో బోరింగు పక్కనే ఒక బాటిల్ బ్రష్ చెట్టు ఉండేది. ఆయన చేత్తో నాటిందే. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక పిల్లలందరూ చేతులు కడుక్కునే నీళ్ళు దాని మొదట్లోకే పోయేవి. పూత మీద ఉన్నప్పుడు చెట్టంతా ఎర్రగా అయిపోయేది, తేనెపిట్టలు ఒక్క నిమిషం ఊరుకునేవి కావు. నాన్న 2021 ఏప్రిల్‌లో పోయారు. అప్పటి పరిస్థితుల్లో నేను వెళ్ళలేకపోయాను. తరువాతి నెలలో ఇక్కడ ఒక గార్డెన్ సెంటర్‌లో ఈ మొక్క కనిపించింది. ధర కూడా చూడకుండా తెచ్చుకున్నాను.

రెండు వేసవులు బాగానే పూసింది. మొన్న డిసెంబరులో, ఆ మంచు పడిన వారంలో, మా పెరటి థర్మామీటర్ ఒక రాత్రి మైనస్ 8 చూపించింది. జనవరి చివరికి ఆకులన్నీ గోధుమ రంగుకి తిరిగాయి. రాలిపోలేదు, కొమ్మలకే అంటుకుని ఉన్నాయి, ముట్టుకుంటే గలగలమంటున్నాయి. ఇది చచ్చిపోయినట్టేనా? మొదలుదాకా కొట్టేస్తే మళ్ళీ వస్తుందా? దయచేసి తెలిసినవాళ్ళు చెప్పండి. ఈ ఒక్క మొక్క విషయంలో నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

పెరటిమామయ్య (మాంచెస్టర్), 5 మార్చి 2023

అమ్మా, ముందు కత్తెర లోపల పెట్టెయ్యి. ఇప్పుడు ఏమీ కొయ్యకు. మార్చిలో ఇంకా గడ్డకట్టే రాత్రులు ఉంటాయి. ఆ ఎండిన ఆకులే లోపలి కొమ్మలకి కొంచెం కాపు.

బొటనవేలి గోరుతో కొమ్మ బెరడు కొద్దిగా గీకి చూడు. లోపల పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టు. గోధుమ రంగులో పొడిగా ఉంటే అక్కడికి చచ్చినట్టు. చివర నుంచి మొదలుపెట్టి జానెడుకొకసారి గీకుతూ కిందికి రా. ఎక్కడ పచ్చదనం కనిపిస్తే అక్కడ ఒక దారం కట్టు.

పైనుంచి కిందిదాకా ఎక్కడా పచ్చదనం లేకపోయినా జూన్ చివరిదాకా పారెయ్యవద్దు. ఇది నేను నష్టపోయి నేర్చుకున్నాను. 2010 డిసెంబరు చలి ఇక్కడున్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, వందేళ్ళలో అంత చల్లటి డిసెంబరు లేదు. అప్పుడు నా బాటిల్ బ్రష్ ఇలాగే మాడిపోయింది. 2011 ఏప్రిల్‌లో, ఇక లాభం లేదనుకుని తవ్వేశాను. వేళ్ళతో సహా పైకి తీశాక చూస్తే, మట్టికి రెండంగుళాల లోపల తెల్లటి మొలకలు నాలుగు బయలుదేరి ఉన్నాయి. పారతో వాటిని విరిచేసింది నేనే. మళ్ళీ నాటాను గానీ నిలవలేదు. పన్నెండేళ్ళయినా ఆ మొలకలు నా కళ్ళ ముందే ఉన్నాయి.

కొత్తమొక్క (స్లౌ), 6 మార్చి 2023

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నా దగ్గరా ఒకటి ఉంది, చిన్నది. ఇవి ఆస్ట్రేలియా మొక్కలు కదా, ఎడారి దేశం, నీళ్ళు పడవేమో అని నేను బాగా తగ్గించి పోస్తున్నాను. పోయిన వేసవిలో మొగ్గలు వచ్చి ఎండిపోయి రాలాయి. నీళ్ళు ఎక్కువైనట్టా, తక్కువైనట్టా?

యారా_నది (మెల్‌బోర్న్), 7 మార్చి 2023

కొత్తమొక్క గారూ, తక్కువైనట్టు. ఇది చాలామంది పడే పొరపాటే కాబట్టి వివరంగా రాస్తాను.

ఆస్ట్రేలియా అంటే ఎడారి ఒక్కటే కాదండీ. ఎర్రటి బాటిల్ బ్రష్, అంటే కాలిస్టెమాన్ సిట్రినస్, తూర్పు తీరంలో న్యూ సౌత్ వేల్స్ వైపు చిత్తడి నేలల్లో, వాగుల ఒడ్డున పెరిగే మొక్క. సీబరై అనే రకానికి ఇక్కడ మామూలు పేరే రివర్ బాటిల్ బ్రష్, నది మధ్య రాళ్ళ సందుల్లో ఉంటుంది. వరద వస్తే వంగి, నీళ్ళు తీశాక లేస్తుంది. నేలలో నాటుకుని వేళ్ళు దిగాక ఎండలు తట్టుకుంటుంది, నిజమే. కుండీలో మాత్రం ఆ అవకాశం లేదు. మొగ్గ కట్టే సమయంలో వేరు ఎండితే మొగ్గ రాల్చేస్తుంది.

మంజీర గారూ, మీ నాన్నగారు దాన్ని బోరింగు పక్కన నాటారని చదవగానే నాకు చాలా సంతోషం వేసింది. ఎవరో చెప్తే చేశారో, ఆయనకే తోచిందో గానీ, ఆ మొక్కకి అంతకన్నా మంచి చోటు ఆ బడిలో ఇంకొకటి ఉండి ఉండదు.

అయితే చలికాలంలో లెక్క మారుతుంది. వేసవి తడి వేరు, చలికాలపు తడి వేరు. చల్లటి నేలలో వేరు నీళ్ళు తాగదు. ఆ నీళ్ళు అక్కడే నిలిచి గాలి ఆడనివ్వవు, వేరు కుళ్ళుతుంది. ఆపైన మట్టి గడ్డకడితే, ఆకులు గాలికి తేమ పోగొట్టుకుంటూనే ఉంటాయి, కింద నుంచి చుక్క నీరు ఎక్కదు. ఇది ఏడాదంతా ఆకులుండే మొక్క కాబట్టి, ఆకు రాల్చుకుని తప్పించుకునే దారి దీనికి లేదు. మీ మొక్క ఆకులు కొమ్మకే అంటుకుని గలగలమనడం చూస్తే అదే జరిగినట్టుంది. సగం చలి, సగం దాహం.

మా విక్టోరియా కొండల్లో, మౌంట్ హోతమ్ లాంటి చోట్ల, నెలల తరబడి మంచు ఉంటుంది. అక్కడి వాగుల పక్కన కూడా బాటిల్ బ్రష్‌లు ఉన్నాయి, పిటియాయిడిస్ అనే రకం. దానికి ఏమీ కాదు. మంచు దుప్పటిలా కప్పేస్తే కింద నేల సున్నా దగ్గరే ఉంటుంది, గాలి తగలదు. మీ ఇంగ్లండ్‌లో ఒకరోజు వాన, మర్నాడు గడ్డ, ఆ మర్నాడు మళ్ళీ వాన. మొక్కకి అదే పెద్ద పరీక్ష.

మంజీర_తీరం (రెడింగ్), 8 మార్చి 2023

మీ అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. యారా గారూ, మీ మాటలు అమ్మకి ఫోన్‌లో చదివి వినిపించాను. "ఎవరూ చెప్పలే, మోసుకొచ్చి పోసే పని తప్పుతదని అక్కడ పెట్టిండు" అంది.

మామయ్య గారూ, గీకి చూశాను. పైనుంచి మూడు వంతులు పొడిగా ఉంది. నేల నుంచి జానెడు ఎత్తున రెండు కొమ్మల్లో మాత్రం లేత పచ్చదనం ఉంది. అక్కడ ఎర్ర దారం కట్టాను.

లేబుల్ మీద కాలిస్టెమాన్ అని మాత్రమే ఉంది, రకం పేరు లేదు. ఆకు గట్టిగా, కోసుగా ఉండేది, నలిపితే నిమ్మ వాసన వచ్చేది. ఇంకొక విషయం. పోయిన ఆగస్టులో కొత్త ఆకులు పసుపు రంగుకి తిరిగాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. అది కూడా దీనికి కారణమా? చలికాలమంతా కుండీ కింద పళ్ళెం అలాగే ఉంచాను, వాన నీళ్ళు అందులో నిలిచేవి. ఇప్పుడు రాస్తుంటే అర్థమవుతోంది.

పెరటిమామయ్య (మాంచెస్టర్), 8 మార్చి 2023

నిమ్మ వాసన వస్తే అది సిట్రినస్సే అయి ఉంటుంది. ఆ పేరు పెట్టింది ఆ వాసన చూసే. మన ఊళ్ళలో కొమ్మలు కిందికి వేలాడుతూ ఉండేది ఎక్కువగా విమినాలిస్ అనే రకం. అది ఇంకా వెచ్చటి ప్రాంతాలది, ఇక్కడ బయట నిలవడం కష్టం. సిట్రినస్‌లో స్ప్లెండెన్స్ అనే ప్రసిద్ధమైన రకానికి రాయల్ హార్టికల్చరల్ సొసైటీ వాళ్ళు ఇచ్చిన గ్రేడు హెచ్3, అంటే సుమారు మైనస్ 5 దాకా తట్టుకుంటుందని. మీ దగ్గర మైనస్ 8. అది కూడా కుండీలో. నేలలో ఉన్న మొక్కకి పైన చలి ఉన్నా కింద వేరు భద్రంగా ఉంటుంది. కుండీకి నాలుగు పక్కల నుంచీ చలి తగిలి, వేరుతో సహా గడ్డకడుతుంది.

పళ్ళెం ఇవాళే తీసెయ్యి. కుండీ కింద మూడు ఇటుక ముక్కలు పెట్టి ఎత్తు చెయ్యి.

పసుపు ఆకుల సంగతి మీ కొళాయి నీళ్ళ వల్ల. రెడింగ్, స్లౌ, లండన్ వైపు నీళ్ళలో సున్నం ఎక్కువ, కెటిల్ అడుగున తెల్లగా పేరుకుంటుంది చూడు, అదే. ఏడాది పొడుగునా అవే పోస్తే కుండీలో మట్టి సున్నం పడుతుంది. మట్టిలో ఇనుము ఉన్నా మొక్క తీసుకోలేదు. ఈనె పచ్చగా, మధ్యలో పసుపుగా ఉండటం దాని గుర్తే. మా మాంచెస్టర్‌కి లేక్ డిస్ట్రిక్ట్ నుంచి వచ్చే నీళ్ళు మెత్తటివి, అందుకే ఈ బాధ మాకు తెలియదు. మీరు వాన నీళ్ళ పీపా ఒకటి పెట్టుకోండి. అప్పటికీ పసుపు పోకపోతే చీలేటెడ్ ఐరన్, అంటే మొక్క తీసుకోగలిగే రూపంలో ఉన్న ఇనుము, దొరుకుతుంది, డబ్బా మీద రాసిన కొలతలో కలిపి పొయ్యాలి. కుండీ మార్చేటప్పుడు కామెలియాలకి వాడే ఆమ్ల గుణం ఉన్న కంపోస్ట్ వాడి, అందులో గ్రిట్, అంటే ముతక ఇసుకలాంటి సన్న రాళ్ళు, కలుపు.

కోస్తాగాలి (ప్లిమత్), 9 మార్చి 2023

నా అభిప్రాయం కొంచెం వేరు. కుండీలు, పళ్ళేలు, పీపాలు ఇంత తంటా ఎందుకండీ? నేలలో, పడమర గోడ వారగా నాటితే అయిపోతుంది. మా దగ్గర 2012లో నాటిన స్ప్లెండెన్స్ ఇప్పుడు ఎనిమిది అడుగులు. ఒక్క చలికాలం కూడా కప్పలేదు. మొన్న డిసెంబరులో కూడా చివర్లు మాత్రమే నల్లబడ్డాయి. గోడ పగలు వేడి పీల్చుకుని రాత్రి వదులుతుంది. తూర్పు గోడ మాత్రం వద్దు. గడ్డకట్టిన చిగురు మీద పొద్దున్నే ఎండ పడితే ఒక్కసారిగా కరిగి పాడవుతుంది.

పెరటిమామయ్య (మాంచెస్టర్), 9 మార్చి 2023

బాబూ, మీది ప్లిమత్. సముద్రం పక్కన, నైరుతి మూల. మీకు చలి ఎప్పుడో ఒకసారి చుట్టంలా వచ్చి వెళ్ళిపోతుంది. మా దగ్గర బంకమట్టి. నవంబరు నుంచి మార్చి దాకా గుంట తవ్వితే అందులో నీళ్ళు నిలుస్తాయి. నేలలో పెట్టి రెండు మొక్కలు పోగొట్టుకున్నాకే నేను కుండీకి మారాను. మీ సలహా మీ ఊరికి సరైనదే. అందరికీ అదే పనిచేస్తుందని చెప్పకండి, కొత్తవాళ్ళు నమ్మి నష్టపోతారు.

కోస్తాగాలి (ప్లిమత్), 10 మార్చి 2023

మీరన్నది ఒప్పుకుంటాను. మట్టి సంగతి అడగకుండా చెప్పడం నా పొరపాటు. మాది కొండవాలు, రాళ్ళ నేల, నీళ్ళు ఒక్క గంట నిలవవు. అయినా వెచ్చటి ఊరు అని ధీమాగా ఉండటానికి కూడా లేదు. మాకు పడమరగా సిల్లీ దీవుల్లో ట్రెస్కో తోట ఉంది. బ్రిటన్‌లో ఆరుబయట దక్షిణార్ధగోళపు మొక్కలు చూడాలంటే అక్కడికే వెళ్ళాలి. అక్కడ కూడా 1987 జనవరి మంచుకి తోటలో చాలా భాగం పోయింది. మళ్ళీ మొదటి నుంచి నాటుకున్నారు. మూడేళ్ళ తరువాత తుఫానొచ్చి కాపుగా ఉన్న చెట్లని పడగొట్టింది, మళ్ళీ నాటారు. నేను రెండుసార్లు వెళ్ళాను. ఆ బాంక్సియాలనే ఆస్ట్రేలియా మొక్కల ముందు నిలబడితే వాళ్ళ ఓపికకి దణ్ణం పెట్టాలనిపించింది.

రెడింగ్‌లో నేల గులక నేల అయితే నేలలో నాటమనే అంటాను. సున్నపు నేలో, బంకమట్టో అయితే మామయ్య గారి మాటే.

గోరింటపొద (ఎడిన్‌బరా), 12 మార్చి 2023

ఎడిన్‌బరా నుంచి నా అనుభవం. ఇక్కడ బయట నిలిచే ఆస్ట్రేలియా పొదలు ఉన్నాయి, ఏ కొండ నుంచి వచ్చిందో చూసి కొనాలి, అంతే. టాస్మేనియా ఎత్తు ప్రాంతాల నుంచి వచ్చిన విరిడిఫ్లోరస్ అనే బాటిల్ బ్రష్ నా దగ్గర ఏడేళ్ళుగా నేలలోనే ఉంది. పువ్వు ఎరుపు కాదు, పచ్చిమామిడి లోపలి రంగులో, పసుపు కలిసిన ఆకుపచ్చ. జూన్ చివర్లో పూస్తుంది. మొదటి ఏడాది చూసి పెదవి విరిచాను గానీ ఇప్పుడు నాకు ఎరుపు కన్నా అదే ఇష్టం. విత్తనంలోనే తేడా ఉంటుంది, అదే రకమైనా కొండ మీది చెట్టు గింజ నుంచి వచ్చిన మొక్క తీరం మొక్క కన్నా చలికి ఆగుతుంది. మంచి నర్సరీని అడిగితే ఎక్కడి గింజో చెప్తారు.

రెండోది గ్రెవిల్లియా, కాన్‌బెరా జెమ్ అనే రకం. సూదుల్లాంటి ఆకులు, గులాబీ ఎరుపు పూలు. ఫిబ్రవరిలో చుట్టూ ఏమీ లేనప్పుడు పూలు మొదలవుతాయి. ఇప్పుడున్నది నా రెండో మొక్క. మొదటిదాన్ని నేనే చంపుకున్నాను. బాగా పెరగాలని గులాబీలకి వేసే ఎముకల పొడి దీనికీ రెండు గుప్పిళ్ళు వేశాను. నెలన్నరలో ఆకుల చివర్లు కాలినట్టయ్యాయి, వేసవి అయ్యేసరికి మొత్తం పోయింది. చలి కాదు, తెగులు కాదు, భాస్వరం. ఈ కుటుంబపు మొక్కలు భాస్వరం దాదాపు లేని పాత నేలల్లో పుట్టాయి. అందుకని వేళ్ళ మీద కుచ్చుల్లాంటి సన్నటి వేళ్ళు పుట్టించుకుని, ఉన్న కాస్త భాస్వరాన్నీ లాగేస్తాయి. మనం చేతినిండా వేస్తే ఆపుకోవడం వాటికి రాదు. ఆకలికి అలవాటుపడిన ప్రాణికి ఒక్కసారిగా విందు పెట్టినట్టయింది. నా తెలియనితనానికి అది బలైపోయింది.

బాటిల్ బ్రష్‌కి అంత ప్రమాదం లేదు. అయినా ఎరువు డబ్బా మీద మూడు అంకెల్లో మధ్య అంకె, అంటే భాస్వరానిది, తక్కువ ఉన్నదే తీసుకోండి.

వీలైతే ఒకసారి లోగన్ తోట చూడండి. మా ఎడిన్‌బరా రాయల్ బొటానిక్ గార్డెన్‌కి చెందినదే, స్కాట్లండ్ నైరుతి చివర స్ట్రాన్‌రార్ వైపు ఉంది. అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చటి నీటి ప్రవాహం పుణ్యమా అని అక్కడ యూకలిప్టస్‌లు, చెట్టు ఫెర్న్‌లు ఆరుబయటే ఉన్నాయి. స్కాట్లండ్ అని నమ్మబుద్ధి కాదు.

అరకు_లోయ (విశాఖపట్నం), 13 మార్చి 2023

గోరింటపొద గారి గ్రెవిల్లియా మాట చదివి రాయకుండా ఉండలేకపోతున్నాను. అరకులో మా కాఫీ తోటలకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు, మిరియాల తీగలు పాకించేవి, అవి ఓక్‌లు కావు. అవి గ్రెవిల్లియా రోబస్టా, ఆస్ట్రేలియా తూర్పు తీరం చెట్లు. ఆకు తిప్పితే వెనక వెండిలా తెల్లగా ఉంటుంది, అందుకే ఆ పేరు. మీ పొదకి పెద్దన్న అన్నమాట.

బాటిల్ బ్రష్ మాత్రం వేరే కుటుంబం. జామ, నేరేడు, లవంగం, మన జామాయిలు, అన్నీ దానికి చుట్టాలే. ఎర్రగా మనకి కనిపించేవి రేకులు కావు, కేసరాలు. రేకులు చిన్నవి, కంటికి ఆనవు.

ఈ మొక్కలో నాకు బాగా నచ్చేది ఒకటుంది. పూగుత్తి కొస దగ్గర కొమ్మ ఆగిపోదు. పువ్వు వాడాక అదే కొసలోంచి కొత్త చిగురు సాగుతుంది. పువ్వులున్న చోట గట్టి పూసల్లాంటి కాయలు కొమ్మకి అతుక్కుని ఏళ్ళ తరబడి అలాగే ఉంటాయి. పాత కొమ్మ మీద ఆ పూసల పట్టీలు లెక్కపెడితే అది ఎన్నిసార్లు పూసిందో చెప్పొచ్చు. ఆ కొమ్మ చచ్చినప్పుడో, అడవి తగలబడినప్పుడో కాయలు విచ్చుకుని దుమ్ములాంటి గింజలు రాలుస్తాయి.

మంజీర గారూ, మీ మొక్క ఎండిన కొమ్మల మీద పాత కాయలుంటే కోసి ఒక కాగితం పొట్లంలో వేసి ఇంట్లో వెచ్చగా పెట్టండి. కొద్ది వారాల్లో గింజలు రాలుతాయి. ఏప్రిల్‌లో తడి మట్టి మీద చల్లండి, పైన మట్టి కప్పకండి, వాటికి వెలుతురు కావాలి. పైనుంచి నీళ్ళు పోస్తే కొట్టుకుపోతాయి, పళ్ళెంలో పెట్టి కింద నుంచి తాగించండి. గింజ మొక్క పూయడానికి ఏళ్ళు పడుతుంది, ముందే చెప్తున్నాను.

మంజీర_తీరం (రెడింగ్), 14 మే 2023

రెండు నెలల తరువాత వస్తున్నాను. మార్చి నెలంతా వానలే, కుండీని గోడ చూరు కిందికి జరిపాను. పళ్ళెం తీసేశాను, ఇటుకలు పెట్టాను. మట్టి మార్చాను. వేళ్ళు తీసి చూస్తే అడుగున కొన్ని నల్లగా మెత్తబడి ఉన్నాయి, కోసేశాను. మిగిలినవి తెల్లగా ఉన్నాయి.

ఇంకా చిగురు లేదు. ఇంటి ముందు గులాబీలు, లైలాక్, అన్నీ చిగురించాయి. రోజూ పొద్దున చాయ్ పట్టుకుని దాని దగ్గరే నిలబడుతున్నాను. దారం కట్టిన చోట మళ్ళీ గీకాను, ఇంకా పచ్చగానే ఉంది.

పెరటిమామయ్య (మాంచెస్టర్), 14 మే 2023

ఇక గీకడం మానెయ్యమ్మా. గీకిన ప్రతి చోటా పుండే. పచ్చగా ఉందన్నావు, చాలు. నేల వెచ్చబడాలి. గులాబీతో దీన్ని పోల్చకు, గులాబీ ఈ చలికి పుట్టిందే.

యారా_నది (మెల్‌బోర్న్), 15 మే 2023

మామయ్య గారి మాటే నాదీ. ఇక్కడ అడవి మంటలు పోయాక కూడా నేల మీద బూడిద తప్ప ఏమీ కనిపించదు. కొన్ని నెలలకి మొదళ్ళ చుట్టూ కుచ్చులు కుచ్చులుగా చిగుళ్ళు వస్తాయి. బాటిల్ బ్రష్‌లు చాలా వాటికి ఆ శక్తి ఉంది. మంటకి లేచే మొక్క చలికి కూడా లేవొచ్చు. తడి ఆరిపోకుండా చూసుకోండి, నిలవనివ్వకండి.

మంజీర_తీరం (రెడింగ్), 11 జూన్ 2023

వచ్చింది!

దారం కట్టిన చోటుకి కాస్త కింద, ఎర్రటి చుక్కలు మూడు. మొదట పురుగు గుడ్లేమో అనుకున్నాను. ఇవాళ చూస్తే గోరంత ఆకులు, ఎర్రగా, మీద సన్నటి వెండి నూగు. మట్టిలోంచి కూడా ఒకటి లేచింది. అమ్మకి వీడియో కాల్‌లో చూపించాను. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత "నీళ్ళు పోసినవా?" అని అడిగింది.

ఇప్పుడు పైన ఎండినదంతా కోసేయొచ్చా?

కోస్తాగాలి (ప్లిమత్), 11 జూన్ 2023

చాలా సంతోషమండీ! కొత్త చిగురు పైన అంగుళం వదిలి, అక్కడికి కోసేయండి. పదునైన కత్తెర, వాలుగా కోత. ఈ ఏడాది పువ్వు ఆశించకండి. ఇకముందు ఎప్పుడు కత్తిరించినా పువ్వు వాడిన వెంటనే, ఆ పూగుత్తి కిందకి కోయాలి. ఆకులున్న కొమ్మలోనే కోయాలి, ఆకు లేని ముదురు కొమ్మలోకి పోకూడదు. మీది ఇప్పుడు తప్పనిసరి కాబట్టి వేరే సంగతి. శరదృతువులోనో, వసంతంలోనో కత్తిరిస్తే ఆ వేసవికి పూయాల్సిన చివర్లన్నీ పోతాయి. చాలామంది "నా మొక్క పూయదు" అనేది ఇందుకే.

గోరింటపొద (ఎడిన్‌బరా), 12 జూన్ 2023

చదువుతుంటే కళ్ళు చెమర్చాయి మంజీరా. ఎరువు జూలై దాకా పలచగా ఇవ్వండి, ఆగస్టు తరువాత ఆపేయండి. ఆలస్యంగా వచ్చిన లేత చిగురే మొదటి చలికి మాడేది.

ఈ జూన్ ఎండలు మామూలుగా లేవు. కుండీ పొద్దునా సాయంత్రం చూసుకోండి.

కొత్తమొక్క (స్లౌ), 20 జూన్ 2023

యారా గారు చెప్పినట్టు మే నుంచి నీళ్ళు ఆపకుండా పోస్తున్నాను. నా చిన్న మొక్కకి ఐదు పూగుత్తులు నిలిచాయి. నిన్న మొదటిది విచ్చుకుంది. ఇక్కడ తేనెపిట్టలు లేవు గానీ పెద్ద తుమ్మెదలు వచ్చి, కేసరాల మధ్య దూరి పసుపు పుప్పొడి పూసుకుని పోతున్నాయి.

ఒక ప్రశ్న. చలికాలానికి గుడ్డ కప్పాలంటారు, ఏ గుడ్డ?

పెరటిమామయ్య (మాంచెస్టర్), 20 జూన్ 2023

ఫ్లీస్ అని తెల్లటి పలుచటి బట్ట అమ్ముతారు. గాలి ఆడుతుంది, వెలుతురు లోపలికి పోతుంది. మైనస్ 3, 4 అని చెప్పిన రాత్రులే రెండు పొరలు కప్పి, చలి తగ్గగానే తీసెయ్యి. నవంబరులో కప్పి మార్చిలో తీస్తే లోపల బూజు పడుతుంది. ప్లాస్టిక్ కవర్ ఆకులకి తగలనివ్వకు, తడి గడ్డకట్టి ఆకుని కాలుస్తుంది. కుండీ చుట్టూ మాత్రం బబుల్ ర్యాప్ గానీ గోనెపట్టా గానీ చుట్టు. నేను బియ్యం బస్తాల గోనెలు దాచి పెట్టుకుంటాను. ఆకు కన్నా వేరుని కాపాడటమే ముఖ్యం. వేరు ఉంటే ఆకు మళ్ళీ వస్తుంది, మంజీర మొక్క చూశావుగా.

మంజీరా, ఇంకో మాట. ఆగస్టులో మీ కొత్త కొమ్మలు కింద గట్టిపడి పైన లేతగా ఉన్నప్పుడు నాలుగంగుళాల ముక్కలు కోసి నాటు. ముక్క అడుగున పాత కొమ్మ తొక్క కొంచెం అంటుకొచ్చేలా లాగితే ఇంకా మంచిది. సగం గ్రిట్, సగం కంపోస్ట్. పైన పారదర్శకంగా ఉండే సంచి కప్పి, ఎండ నేరుగా పడని కిటికీలో పెట్టు. ఒకే మొక్క మీద ఆధారపడకూడదు. నాకు 2010లో ఈ మాట చెప్పినవాళ్ళు లేరు.

అరకు_లోయ (విశాఖపట్నం), 22 జూన్ 2023

ఈ చర్చ చదువుతూ పాత పుస్తకం ఒకటి తిరగేశాను. కెప్టెన్ కుక్ ఓడలో వచ్చిన జోసెఫ్ బాంక్స్ 1770లో బాటనీ బేలో దిగాడు. ఈ ఎర్ర బాటిల్ బ్రష్‌ని 1789లో ఇంగ్లండ్‌కి, లండన్ దగ్గరి క్యూ తోటకి చేర్చింది ఆయనే. 1794లో ఇంగ్లండ్‌లోని బొటానికల్ మ్యాగజీన్ అనే పత్రికలో దీని బొమ్మ వేసి మెట్రోసిడిరోస్ సిట్రినా అని పేరు పెట్టారు. తరువాత కాలిస్టెమాన్ అయింది, అందమైన కేసరాలు అని అర్థం. ఇప్పుడు మళ్ళీ కొందరు శాస్త్రవేత్తలు మెలల్యూకా అనే మొక్కల ప్రజాతిలో కలిపేశారు. కాబట్టి నర్సరీలో ఏ పేరుతో కనిపించినా కంగారు పడకండి, మొక్క అదే. రెండు శతాబ్దాల పైబడి ఇంగ్లండ్ వాళ్ళు దీన్ని చలి నుంచి కాపాడుకుంటూనే ఉన్నారు.

మంజీర_తీరం (రెడింగ్), 14 జూలై 2024

ఏడాది దాటింది. ఎవరైనా ఇదే కష్టంలో ఇక్కడికి వస్తే ఉపయోగపడుతుందని మిగతాది కూడా రాస్తున్నాను.

మొదలు నుంచి వచ్చిన కొమ్మలు ఇప్పుడు మోకాలి ఎత్తు దాటాయి. వాన నీళ్ళు మొదలుపెట్టాక పసుపు ఆకు ఒక్కటి కూడా రాలేదు. చలికాలంలో ఆరు రాత్రులు మాత్రమే ఫ్లీస్ కప్పాను. కుండీకి గోనెపట్టా ఏప్రిల్ దాకా ఉంచాను.

గోరింటపొద అక్క మాట మీద విరిడిఫ్లోరస్ కూడా ఒకటి కొని నేలలో నాటాను. అది పోయిన నెలలో పూసింది. అమ్మకి చూపిస్తే "ఎర్రగ లేదేంది?" అంది. నాకు మాత్రం బాగుంది.

నాన్న మొక్కకి ఈ వారం ఒకే ఒక పూగుత్తి వచ్చింది. నా చూపుడు వేలంత. ఎర్రదే.

ఆగస్టులో నాటిన ఆరు ముక్కల్లో మూడు వేరు తొడిగాయి. ఒకటి నేను ఉంచుకుంటాను, ఒకటి మామయ్య గారికి, 2010లో పోయినదాని బదులు. ఇంకొకటి ఉంది. ఈ చుట్టుపక్కల ఎవరికైనా కావాలా?

పెరటిమామయ్య (మాంచెస్టర్), 14 జూలై 2024

వచ్చే నెల పిల్లల దగ్గరికి లండన్ వస్తున్నాను. దారిలో దిగి నేనే తీసుకెళ్తానమ్మా. పోస్టులో పంపకు, వేరు కదులుతుంది.

కొత్తమొక్క (స్లౌ), 15 జూలై 2024

మూడోది నాకు ఇస్తారా అక్కా? మీకు వీలైతే శనివారం వస్తాను. కుండీ, కంపోస్ట్ నేనే తెచ్చుకుంటాను. మా మేడ మీది పీపాలో వాన నీళ్ళు నిండుగా ఉన్నాయి.